కంప్యూటరుతో వచ్చిన విండోస్‌ను మార్చుకోవచ్చా?



మీ ఇంట్లో తొమ్మిది, పదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉందనుకుందాం. తెర బాగానే ఉంది, కీబోర్డు బాగానే ఉంది, ఆన్ చేస్తే వెలుగుతోంది. కానీ ఈమధ్య తెర మీద ఒక హెచ్చరిక వస్తోంది. విండోస్ 10కి ఇక మద్దతు లేదు, విండోస్ 11కి మారండి అని. సరే మారదామని చూస్తే, ఈ కంప్యూటర్ విండోస్ 11కి పనికిరాదని అదే తెర చెబుతోంది. షాపుకు పట్టుకెళ్తే, "పాతదైపోయిందండీ, దీని మీద డబ్బులు పెట్టడం దండగ, కొత్తది తీసుకోండి" అంటున్నారు. ఇళ్లలోనే కాదు, చిన్న ఆఫీసుల్లో, బడుల్లో, గ్రంథాలయాల్లో కూడా ఇదే మాట వినబడుతోంది.

ఈ పూట నేను మీతో చెప్పదలచుకున్నది ఒక్క సంగతే. అక్కడ గడువు తీరింది సాఫ్ట్‌వేర్‌కి. మిషనుకి కాదు. మిషను మీ డబ్బుతో మీరు కొన్నారు. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసేసి ఇంకొకటి పెట్టుకునే హక్కూ మీకుంది, అందుకు దారీ ఉంది. ఆ దారి ఎలా ఉంటుందో, ఎవరికి నప్పుతుందో, ఎవరికి నప్పదో చెబుతాను.

ముందు ఈ గడువు సంగతి చూద్దాం. విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడుకునేవాళ్లకు కొన్ని షరతుల మీద ఇంకో ఏడాది పొడిగింపు ఇచ్చారు, అంతే. మద్దతు ముగిసినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. రేపూ ఆన్ అవుతుంది, ఎల్లుండీ అవుతుంది. కాకపోతే అందులో కొత్తగా బయటపడే లొసుగుల్ని పూడ్చేవాళ్లుండరు. బ్యాంకు లావాదేవీలు చేసుకునే మిషను, ఆధార్ కాపీలు, పొలం పాస్‌బుక్కు స్కానులు దాచుకున్న మిషను అలా తలుపు తీసి ఉండటం మంచిది కాదు.

మరి విండోస్ 11 ఎందుకు ఎక్కదు? టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు మిషనులో ఉండాలని దాని నియమం. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే చాలావరకు 8వ తరానిదో ఆ తర్వాతిదో అయ్యుండాలి. ఆ 8వ తరం వచ్చింది 2017లో. కాబట్టి 2016లో పిల్లవాడి ఇంజనీరింగ్ చదువుకని మంచి ధర పెట్టి కొన్న ఐ5, ఐ7 మిషన్లు కూడా గీతకు అవతలే ఉండిపోయాయి. వాటి శక్తికి ఏ లోటూ లేదు. క్యానలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023 చివర్లో ఒక అంచనా వేసింది. ఈ ఒక్క కారణంతో ప్రపంచంలో సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి వెళ్లొచ్చని. ఆ చెత్తలో కొంత చివరికి ఢిల్లీలోని సీలంపూర్ లాంటి చోట్లకు చేరుతుంది. అక్కడ రాగి కోసం తీగలు కాలుస్తారు, బోర్డుల్ని యాసిడ్‌లో ముంచుతారు. ఆ పొగ పీల్చేవాళ్లలో చిన్నపిల్లలూ ఉంటారు. పనిచేసే మిషనును ఆ దారి పట్టించడం నాకు న్యాయంగా తోచదు.

కంప్యూటర్ అంటే విండోస్ దాంతోపాటే పుట్టినట్టు మనకు అలవాటైపోయింది. మొదట్లో అలా లేదు. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించినప్పుడు మిషను ధర వేరు, ఆపరేటింగ్ సిస్టమ్ ధర వేరు. కొనేవాళ్లు ఎంచుకోవడానికి మూడు రకాలు చెప్పారు. వాటిలో మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చిన పీసీ డాస్ 40 డాలర్లు. డిజిటల్ రీసెర్చ్ అనే కంపెనీ తయారుచేసిన సీపీఎం-86 కొన్ని నెలలు ఆలస్యంగా, 240 డాలర్లకు వచ్చింది. ఇంత తేడా ఉంటే జనం దేన్ని కొంటారో చెప్పనక్కర్లేదు. తర్వాత ఐబీఎం నమూనాలో కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలు బోలెడు పుట్టుకొచ్చాయి. వాటితో మైక్రోసాఫ్ట్ ఒక రకం ఒప్పందం చేసుకునేది. కంపెనీ అమ్మే ప్రతి కంప్యూటర్ మీదా, అందులో మైక్రోసాఫ్ట్ సరుకు ఉన్నా లేకపోయినా, రుసుము కట్టాలి. అలాంటప్పుడు ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టి అమ్మాలని ఏ తయారీదారుకు బుద్ధి పుడుతుంది? అమెరికా న్యాయశాఖ దీని మీద పట్టుబట్టాక, 1994 జులైలో కుదిరిన రాజీతో ఆ పద్ధతి ఆపారు. ఆపేనాటికి అలవాటు మాత్రం ఊరూరా వేళ్లూనుకుంది.

మన బజార్లో దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. విండోస్ లేకుండా కాస్త తక్కువ ధరకు వచ్చే మిషన్లను డాస్ ల్యాప్‌టాప్‌లని అమ్మేవారు. కొన్నిటిలో ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. ఇంటికి తెచ్చేలోపే షాపులోనే ఎవరో దొంగ విండోస్ ఎక్కించి ఇచ్చేవారు. ఉచితంగా వచ్చిందని సంబరపడ్డాం. అలాంటి దొంగ కాపీని నిజమైనదిగా చూపించడానికి వాడే చిన్న ప్రోగ్రాముల్లోనే వైరస్‌లు దాగి ఉంటాయని చాలామందికి ఆలస్యంగా తెలిసింది. ఉబుంటు ఉన్న పెట్టెల్లో డబ్బు కట్టకుండా న్యాయంగా వాడుకునే వీలు అప్పటికే ఉంది. దాన్ని చెరిపేసి మరీ దొంగ సరుకు పెట్టించుకున్నాం.

ఆ న్యాయమైన వీలు పేరే లినక్స్. కొంచెం దాని పుట్టుక చెబుతాను. 1983 సెప్టెంబర్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్, ఎవరైనా వాడుకోగల, చదివి చూసుకోగల, మార్చుకోగల, పంచుకోగల ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తానని ప్రకటించాడు. దానికి గ్నూ అని పేరు పెట్టాడు. చాలా భాగాలు తయారయ్యాయి గానీ, గుండెకాయ లాంటి కెర్నల్ మాత్రం సిద్ధం కాలేదు. 1991 ఆగస్టులో, ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 ఏళ్ల లినస్ టోర్వాల్డ్స్ సరిగ్గా అదే రాస్తున్నట్టు చెప్పాడు. మరుసటి ఏడాది దాన్ని గ్నూ లైసెన్సు కిందికి తెచ్చాడు. ఆ రెండూ కలిసి మనం వాడే లినక్స్ అయ్యాయి. ఈ దినుసులతో ఎవరికి తోచినట్టు వాళ్లు పూర్తి వ్యవస్థలు కూర్చారు. వాటిని డిస్ట్రోలంటారు. 1993లో డెబియన్, 2004లో ఉబుంటు, 2006లో లినక్స్ మింట్ వచ్చాయి. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది కూడా లినక్స్ కెర్నలే. కాబట్టి నాకు లినక్స్ కొత్త అని అనుకునేవాళ్లు కూడా రోజూ దాన్ని వాడుతూనే ఉన్నారు.

ఇక అసలు పనికి వద్దాం. మా వీధిలో తెలుగు పండితులుగా చేసి రిటైరైన మాస్టారొకరున్నారు. శతకాల మీద వ్యాసాలు రాస్తుంటారు. ఆయన ల్యాప్‌టాప్‌కి ఇదే హెచ్చరిక వచ్చింది. కొత్తది కొనడం ఆయనకు ఇష్టం లేదు, ఇప్పుడున్న దాని కీబోర్డు చేతికి అలవాటైందట. "అబ్బాయ్, మార్చితే మార్చు గానీ, నా తెలుగు పోకూడదు. నేను రాసుకున్నవి పోకూడదు" అన్నారు. ఆ రెండు షరతులూ చాలా సరైనవి. లినక్స్‌కి మారేవాళ్లెవరైనా మొట్టమొదట అడగాల్సినవి అవే.

"మాస్టారూ, ముందు మీ రాతలన్నీ బయటి డిస్కులోకి తీసుకుందాం. అవి భద్రంగా ఉన్నాయని మీ కళ్లతో మీరు చూశాకే మిగతా పని" అన్నాను. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, ఫొటోలు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, అన్నీ తీశాం. తీసిన ఫైళ్లను ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూశాం. ఈ మెట్టు దాటేసి తర్వాత కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కాపీ అయ్యిందనుకోవడం వేరు, కాపీ తెరుచుకుంటోందని చూసుకోవడం వేరు.

అక్కడే ఒక చిక్కు బయటపడింది. ఆయన పాత వ్యాసాల్లో సగం అను ఫాంట్లలో ఉన్నాయి. మన డీటీపీ కేంద్రాల్లో, పత్రికల్లో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌తో జతగా నడిచిన ఫాంట్లవి. ఏ మిషనులోనైనా ఒకేలా కనబడే యూనికోడ్ అక్షరాలు కావవి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు లేని మిషనులో అదే ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు తప్ప తెలుగు కనబడదు. ఇది లినక్స్ తెచ్చిన చిక్కు కాదు, ఫోన్‌లో తెరిచినా అంతే. వాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. మార్చాక ఒత్తులు, అరసున్నలు ఒకసారి చదివి దిద్దుకోవాలి. మాస్టారు వాటిని వరసగా కూర్చుని దిద్దుతున్నారు. ఎలాగూ ఏదో ఒకరోజు చేయాల్సిన పనే అది. తెలుగు రాతల్ని ఒక కంపెనీ ఫాంటు మీద ఆధారపడేలా వదిలేయడం ఎవరికీ క్షేమం కాదు.

తర్వాత, లినక్స్ ఎక్కించడానికి ఒక పెన్‌డ్రైవ్ కావాలి. 8 జీబీ ఉంటే చాలు. నేను లినక్స్ మింట్ ఎంచుకున్నాను. విండోస్ అలవాటున్నవాళ్లకు అది సులువు. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, అన్నీ ఎరిగున్న చోటే ఉంటాయి. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం 2 జీబీ మెమరీ ఉన్నా నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. మింట్ అధికారిక సైటు నుంచే ఐఎస్ఓ ఫైలు దించుకోవాలి. దించుకున్నాక, ఫైలు పాడవకుండా వచ్చిందో లేదో చెప్పే చెక్‌సమ్ సరిచూసుకోవాలి. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు. రూఫస్ లాంటి చిన్న ప్రోగ్రాముతో రాయాలి. అలా రాసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు మిషను ఆపి, పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కుతూ ఉండాలి. కొన్ని కంపెనీల మిషన్లలో ఎఫ్9, కొన్నిటిలో ఎస్కేప్. ఒక చిన్న జాబితా వస్తుంది, అందులో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను, ఎందుకంటే ఇది చాలామందికి తెలియని మేలు. ఈ దశలో మీ హార్డ్‌డిస్కు మీద ఏమీ మారదు. లినక్స్ పెన్‌డ్రైవ్ మీద నుంచే నడుస్తుంది. వైఫై దొరుకుతోందా, స్పీకర్లు మోగుతున్నాయా, టచ్‌ప్యాడ్, కెమెరా, ప్రింటర్ పనిచేస్తున్నాయా, మూత వేసి తీస్తే మేలుకుంటోందా, అన్నీ అక్కడే చూసుకోవచ్చు. నచ్చకపోతే ఆపేసి పెన్‌డ్రైవ్ లాగేయండి. విండోస్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. రెండు మూడు రోజులు ఇలాగే వాడి చూడమని నా సలహా. పెన్‌డ్రైవ్ మీద నడుస్తుంది కాబట్టి కాస్త నిదానంగా ఉంటుంది, దాన్నిబట్టి తీర్పు చెప్పకండి.

మాస్టారు మొదట అడిగింది తెలుగే. ఐబస్ అనే ఏర్పాటులో తెలుగు కలిపాను. ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఆర్టీఎస్ ఉంది, డీటీపీ వాళ్లకు అలవాటైన ఆపిల్ అమరిక కూడా ఉంది. మాస్టారిది ఆర్టీఎస్. ఇంగ్లిష్ అక్షరాల్లో ఉచ్చారణను బట్టి కొడుతూ ఒక సీసపద్యం మొదటి పాదం రాశారు. ద్విత్వాలు, సంయుక్తాలు సరిగ్గా పడ్డాయో లేదో తెరకు దగ్గరగా వంగి చూశారు. "పడుతున్నాయే!" అన్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్, ఉబుంటు కుటుంబంలో ఒక్క ప్యాకేజీగా దొరుకుతాయి. ఉత్తరాలు, వ్యాసాలు రాసుకునే లిబ్రే ఆఫీస్‌కి తెలుగు ముఖం కూడా ఉంది. ఫైల్, సేవ్ లాంటి మెనూ మాటలన్నీ తెలుగులో చూసుకోవచ్చు. దీని వెనక మనవాళ్ల శ్రమ ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చింది. జీతం లేకుండా, సాయంత్రాలు కూర్చుని వేల పదబంధాలకు తెలుగు చేసిన విద్యార్థులు, ఉద్యోగులు ఉన్నారు. వాళ్లకు రావాల్సినంత పేరు రాలేదని నా బాధ.

అన్నీ బాగున్నాయనుకున్నాక ఇన్‌స్టాల్ చేయాలి. దానికి ముందు మూడు జాగ్రత్తలు. విండోస్‌లో బిట్‌లాకర్ తాళం వేసి ఉందేమో చూసుకోండి. ఇటీవలి మిషన్లలో మనకు తెలియకుండానే వేసి ఉండొచ్చు. దాని రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసుకోండి. రెండోది, విండోస్‌నూ ఉంచుకుని పక్కనే లినక్స్ పెట్టుకోవాలనుకుంటే, విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. విండోస్ భాగాన్ని చిన్నది చేయడం విండోస్ లోపలి నుంచే చేయండి. మూడోది, పని అయ్యేదాకా ఛార్జర్ పెట్టే ఉంచండి. పాత ల్యాప్‌టాప్‌లో బ్యాటరీని నమ్మలేం.

ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాము భాష, కీబోర్డు, ఊరు అడుగుతుంది. ఆ తర్వాత ఒక తెర వస్తుంది. మొత్తం పనిలో జాగ్రత్తగా చదవాల్సిన తెర అదొక్కటే. డిస్కు మొత్తం చెరిపేసి లినక్స్ పెట్టమంటారా, విండోస్ పక్కన పెట్టమంటారా, లేక భాగాలు మీరే చూసుకుంటారా అని అడుగుతుంది. మొదటిది ఎంచుకుంటే విండోస్, దానిలోని ఫైళ్లు అన్నీ పోతాయి. బయటి డిస్కు ఇంకా తగిలించి ఉంటే దాన్ని ముందే తీసేయండి. పొరపాటున దాన్నే ఎంచుకునే ప్రమాదం ఉంది. ఏ డిస్కు ఎంత సైజో చదివి చూసుకుని, అప్పుడు నొక్కండి. తర్వాత అరగంట లోపు పని అయిపోతుంది. డిస్కు అసలు కనబడకపోతే కంగారు పడొద్దు. కొన్ని ఇంటెల్ మిషన్లలో బయాస్ సెట్టింగుల్లో డిస్కును ఆర్ఎస్‌టీ అనే పద్ధతిలో పెడతారు, దాన్ని ఏహెచ్‌సీఐకి మారిస్తే కనబడుతుంది. ఇంకొక సంగతి. పాత మిషనులో తిరిగే హార్డ్‌డిస్కు ఉంటే, ఇదే అదనుగా ఎస్ఎస్‌డీ వేయించండి. లినక్స్ ఇచ్చే వేగం ఒక ఎత్తు, అది ఇచ్చే వేగం ఇంకో ఎత్తు.

ఎవరు మారకూడదో కూడా చెప్పాలి. అకౌంట్లన్నీ ట్యాలీ మీద నడిపే వ్యాపారి మారకూడదు, ట్యాలీ విండోస్ కోసం చేసినది. వైన్ అనే సాధనంతో కొన్ని విండోస్ ప్రోగ్రాములు లినక్స్‌లో నడుస్తాయి గానీ, రోజువారీ లెక్కలు దాని మీద నడపమని నేను చెప్పను. రోజంతా పేజ్‌మేకర్, ఫొటోషాప్ మీద పనిచేసే డీటీపీ ఆపరేటర్ మారకూడదు. టెండర్లకు, జీఎస్టీకి డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లు ముందు ఆ టోకెన్‌కి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో కనుక్కోవాలి. మన జిరాక్స్ షాపుల్లో విరివిగా కనబడే కొన్ని చిన్న లేజర్ ప్రింటర్లు లినక్స్‌లో మొండికేస్తాయి, కొన్ని ఆన్‌లైన్ ఆటలు అసలు తెరుచుకోవు. వీళ్లందరికీ రెండూ పక్కపక్కన పెట్టుకోవడం మేలు. ఇంటర్నెట్, యూట్యూబ్, ఉత్తరాలు, వ్యాసాలు, పిల్లల చదువు, సినిమాలు, మీ వాడకం ఇంతవరకే అయితే మీకు ఏ లోటూ ఉండదు. ఫైర్‌ఫాక్స్ ఉంటుంది, క్రోమ్ వేసుకోవచ్చు. అప్‌డేట్లు మీరు సరేనన్నప్పుడే వస్తాయి. మింట్ 22కి 2029 వరకు భద్రతా మద్దతు ఉంది.

పెద్ద ఎత్తున ఇది నడుస్తుందా అని కొందరు అడుగుతారు. మన దేశంలోనే కేరళ ఉంది. అక్కడి ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ చదువు 2000ల దశకం నుంచే లినక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మళ్లింది. 2019లో బడుల సాంకేతిక పనులు చూసే అక్కడి కైట్ సంస్థ ఉబుంటు ఆధారంగా తయారుచేసిన వ్యవస్థను బడుల్లోని 2 లక్షలకు పైగా కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. ఫ్రాన్స్‌లో జాతీయ పోలీసు దళం జాండార్మరీ 2008 నుంచి ఉబుంటుకు మారుతూ వచ్చి, 70 వేలకు పైగా కంప్యూటర్లను దాని మీదే నడుపుతోంది. జర్మనీలోని మ్యూనిక్ నగరం మాత్రం 15 వేల దాకా కంప్యూటర్లను మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని నిర్ణయించింది. బయటి కార్యాలయాలతో ఫైళ్ల ఇచ్చిపుచ్చుకోళ్లు, మారిన రాజకీయాలు, రెండూ అందులో ఉన్నాయి. కేరళలో టీచర్లకు శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకాలు దానికి తగ్గట్టు రాశారు. నా దృష్టిలో తేడా అక్కడే ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లో మూలనపడ్డ కంప్యూటర్ల గదులు ఎన్నో ఉన్నాయి. విండోస్ గడువు తీరిందని వాటికి తాళం వేసే ముందు, జిల్లాకొక టీచర్ల బృందానికి ఈ పని నేర్పిస్తే, ఆ గదుల్లో పిల్లలు మళ్లీ కూర్చుంటారు. ఇది చేయమని అధికారులను గట్టిగా కోరుతున్నాను.

ఒక ప్రశ్న మిగిలింది. మాస్టారి కోడలు అడిగింది కూడా ఇదే: "అన్నయ్యా, మార్చాక నచ్చకపోతే మళ్లీ విండోస్ కొనుక్కోవాలా?" అక్కర్లేదమ్మా అని చెప్పాను. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, కంపెనీ వేసిచ్చిన విండోస్ తాలూకు కీ సాధారణంగా మిషను బోర్డులోనే ఉంటుంది. డిస్కు చెరిపేసినా అది చెరగదు. మార్చే ముందే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసుకుని, దాని మీద చీటీ అంటించి దాచుకోండి. కావాలనుకున్న రోజున దాన్ని గుచ్చి మళ్లీ వేసుకుంటే, కీ అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. మాస్టారి పెన్‌డ్రైవ్ ఆయన పుస్తకాల బీరువాలో ఉంది.